న్యాప్‌వీడ్ పువ్వుల్లో బుడిపెలు కట్టే ఈగ: మందు కొట్టాలా, వదిలేయాలా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. అమెరికాలోని పశ్చిమ మోంటానాలో మీరు కొత్తగా కొన్న ఇంటి వెనక స్థలమంతా న్యాప్‌వీడ్ అనే ఊదారంగు పూల కలుపు మొక్క అల్లుకుపోయి ఉంది. ఎండిన పువ్వులు చిదిపి చూస్తే గింజలకు బదులు గట్టి బుడిపెలు, ఒక్కోదాంట్లో ఒక్కో తెల్ల పురుగు కనిపించాయి. బుడిపెల ఫోటో కూడా పంపారు. చూసినవాళ్లు అది ఫ్రూట్ ఫ్లై అన్నారు. పక్కనే ఆపిల్ చెట్లున్నాయి. పురుగు వాటికి పాకుతుందా, మందు కొట్టాలా, లేకపోతే ఎలాగూ కలుపునే తింటోంది కాబట్టి వదిలేయాలా అని అడిగారు.

ఆపిల్ చెట్ల గురించి టెన్షన్ పడకండి, ఈ ఈగ వాటి జోలికి పోదు. పురుగుమందు కొట్టొద్దు, కొట్టినా బుడిపె లోపలి పురుగుకు తగలదు. కలుపు సంగతి ఈగే చూసుకుంటుందని వదిలేస్తే మాత్రం వచ్చే ఏడాది కూడా స్థలం ఇలాగే ఉంటుంది. కాస్త వివరంగానే చెప్తాను. ఈ కథలోకి చివర్లో ఎలుకలు వస్తాయి, అది మీ ఇంటికి నేరుగా సంబంధించిన విషయం.

మీ భయం అర్థం లేనిదేమీ కాదు. ఈ ఈగది టెఫ్రిటిడే కుటుంబం. ఆపిల్‌ను పాడుచేసే ఆపిల్ మాగట్, మామిడి, జామ లాంటి వాటిని పుచ్చిపోయేలా చేసే ఓరియంటల్ ఫ్రూట్ ఫ్లై, దోస జాతి కాయల్ని కుళ్లబెట్టే మెలన్ ఫ్లై అన్నీ ఈ కుటుంబానివే. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలు, అంటే డ్రోసోఫిలా, వేరే కుటుంబం. టెఫ్రిటిడేలో దాదాపు 5,000 జాతులున్నాయి, వాటిలో చాలావాటికి పండుతో పనే లేదు. పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబపు మొక్కల పువ్వుల్లోనూ కాండాల్లోనూ బతికేవి వాటిలో పెద్ద వర్గం. మీకు దొరికింది ఆ వర్గంలోని యూరోఫోరా ప్రజాతి. మీ ఆపిల్ కాయలో ఎప్పుడైనా పురుగు కనిపిస్తే అది ఆపిల్ మాగట్టో, కాడ్లింగ్ మాత్ అనే చిమ్మట గొంగళో అయి ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

మీ ప్రాంతంలో న్యాప్‌వీడ్ పువ్వుల్లో యూరోఫోరాలు రెండు ఉంటాయి, యూరోఫోరా అఫినిస్, యూరోఫోరా క్వాడ్రిఫేసియేటా. ఫోటోలో బుడిపెలు మాత్రమే ఉన్నాయి, అయినా ఏది ఏదో చెప్పడం కష్టం కాదు. గోటితో నొక్కితే లొంగకుండా, చెక్కలా గట్టిగా ఉండి, పువ్వు అడుగున ఉన్న పుష్పాసనానికి అతుక్కుపోయి ఉంటే అఫినిస్. ఒకే పువ్వులో రెండు మూడు బుడిపెలు కలిసిపోయి ఒక ముద్దలా కూడా ఉండొచ్చు. పల్చటి కాగితం లాంటి పొర ఉండి, నొక్కగానే చిట్లితే క్వాడ్రిఫేసియేటా. ఈ తేడాకు కారణం ఉంది. అఫినిస్ పురుగు పుష్పాసనంలోకి తొలుచుకుపోతుంది, రెండోది ఆ పువ్వులో గుత్తిగా ఉండే చిరుపువ్వుల్లో ఒకదాని అండాశయంలో, అంటే గింజ అవ్వాల్సిన చోట, కూర్చుంటుంది. మీ ఫోటోలో ఎడమవైపు ఉన్న రెండూ అఫినిస్ అనిపిస్తున్నాయి. కుడివైపు చిట్లినది క్వాడ్రిఫేసియేటా. రెండూ ఒకే పువ్వులో ఉండటం మామూలే.

లోపలి పురుగును కూడా ఒకసారి సరిగ్గా చూడండి. పీపా ఆకారంలో, మీగడ రంగులో, కాళ్లు లేకుండా, ఒక కొసన ముదురు గోధుమరంగు బిళ్ల ఉంటే ఈగ పురుగే. చాలామంది ఆ బిళ్లను తల అనుకుంటారు, నిజానికి అది వెనక భాగం. పురుగు వంకర తిరిగి, గోధుమరంగు తలతో, పువ్వు లోపలంతా కొరికి పొడిపొడి చేసి ఉంటే అది లారినస్ అనే ముక్కుపురుగు పిల్ల. కాళ్లున్న గొంగళి ఒక్కటే కనిపిస్తే మెట్జ్‌నేరియా అనే చిన్న చిమ్మట. ఇవి కూడా న్యాప్‌వీడ్ మీదకు మనుషులు కావాలని తెచ్చి వదిలినవే.

ఈగ జీవితం ఏడాది పొడవునా న్యాప్‌వీడ్ క్యాలెండర్‌నే పట్టుకుని నడుస్తుంది. వసంతం చివర, వేసవి మొదట్లో పెద్ద ఈగలు బయటికి వస్తాయి. ఇంట్లో తిరిగే ఈగ కంటే చిన్నవి, నల్లటి ఒళ్లు, వీపు చివర పసుపు మచ్చ. క్వాడ్రిఫేసియేటా రెక్కల మీద నాలుగు నల్లటి పట్టీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అఫినిస్‌వి వెలిసిపోయినట్టు మసగ్గా ఉంటాయి. మగవి మొగ్గల మీద కాపు కాస్తూ రెక్కలు ఆడిస్తుంటాయి. ఆడదానికి పొట్ట చివర పొడవాటి నల్లటి గొట్టం ఉంటుంది. దాన్ని ఇంకా విచ్చుకోని మొగ్గ రేకల మధ్య దూర్చి లోపలి లేత చిరుపువ్వుల మీద గుడ్లు పెడుతుంది. గుడ్లు కొద్ది రోజుల్లో పగిలి పురుగులు వస్తాయి. అఫినిస్ కాస్త లేత మొగ్గల్ని ఎంచుకుంటుంది, క్వాడ్రిఫేసియేటా కాస్త ముదిరిన వాటిని. అందుకే రెండూ ఒకే మొక్క మీద పెద్దగా పోటీ లేకుండా సర్దుకుపోతాయి. క్వాడ్రిఫేసియేటాకు ఒకే వేసవిలో సాధారణంగా రెండు తరాలు. అఫినిస్‌కు ప్రధానంగా ఒకటే, కొన్ని మాత్రం రెండో తరానికి వెళ్తాయి.

బుడిపెను కట్టేది మొక్కే, పురుగు కట్టిస్తుందంతే. పురుగు కొరికే చోట చుట్టుపక్కల కణాలు ఉబ్బి పెరుగుతాయి. లోపలి పొర మెత్తగా, పోషకాలతో నిండి పురుగుకు ఆహారంగా ఉంటుంది. బయటి పొర, ముఖ్యంగా అఫినిస్‌లో, లిగ్నిన్ పట్టి చెక్కలా గట్టిపడుతుంది. ఈ బుడిపె కాలవ గట్టుకు పడిన గండి లాంటిది, గింజలకు, మిగతా పువ్వులకు పోవాల్సిన పోషకాలను తనవైపు మళ్లించుకుంటుంది. పురుగు నేరుగా పాడుచేసే గింజలు కొన్నే. ఈ మళ్లింపు వల్ల అదే మొక్కలో పురుగు పట్టని పువ్వులు కూడా తగ్గిపోతాయి, మొక్క మొత్తం చిన్నదవుతుంది. క్వాడ్రిఫేసియేటా బుడిపె అండాశయానికే పరిమితం కాబట్టి అది లాగేది తక్కువ. కలుపును కీటకాలతో అదుపు చేసే జీవ నియంత్రణ మనుషులకు అఫినిస్ మీద ఎక్కువ మోజు ఉండటానికి కారణం ఇదే. చలికాలం మొత్తం పురుగు బాగా ఎదిగిన మూడో దశలో, ఎండిన పువ్వులోని బుడిపెలోనే గడుపుతుంది. వసంతంలో అక్కడే ప్యూపా అయి, ఈగగా బయటికి వస్తుంది. ఎండిన కాడలు మంచు పైకి నిలబడి ఉంటాయన్నది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

ఈ ఈగలు అమెరికాకు వాటంతటవి రాలేదు. మీ దగ్గరున్న స్పాటెడ్ న్యాప్‌వీడ్, దానికి దగ్గరి రకమైన డిఫ్యూజ్ న్యాప్‌వీడ్ రెండూ యూరప్, పశ్చిమాసియా వైపు మొక్కలు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర అమెరికాకు చేరి, పచ్చిక బయళ్లను ఆక్రమించాయి. అక్కడ వీటిని తినే కీటకాలు లేవు, పశువులకూ పెద్దగా రుచించవు. అప్పుడు వాటి సొంత ప్రాంతంలో వాటిని తినే కీటకాల కోసం వెతికారు. అవి ఇతర మొక్కల మీదకు పోవని పరీక్షించాక, అఫినిస్‌ను 1970లో, క్వాడ్రిఫేసియేటాను 1972లో కెనడాలో వదిలారు. అమెరికాలో అఫినిస్‌ను 1973లో వదిలారు. క్వాడ్రిఫేసియేటా అనుమతి కోసం ఆగలేదు, కెనడా నుంచి సరిహద్దు దాటి తానే వచ్చేసింది. ఇప్పుడు న్యాప్‌వీడ్ ఉన్నచోటల్లా దాదాపు ఈ ఈగలుంటాయి. కాబట్టి "బుడిపెలున్న పువ్వులు తెచ్చి మా స్థలంలో పెట్టమంటారా" అని ఎవరైనా అడిగితే వద్దనే చెప్తాను. ఒకప్పుడు ఈగల్ని అలాగే పంచేవారు. ఇప్పుడు దానివల్ల ఈగ కంటే ముందు కలుపు గింజలు వస్తాయి.

మరి ఇంత ఈగ ఉన్నా మీ స్థలం నిండా న్యాప్‌వీడ్ ఎందుకుంది? ఈగలు గింజల దిగుబడిని సగానికి, కొన్నిచోట్ల అంతకంటే బాగా తగ్గించాయి. అది చిన్న విషయం కాదు. కానీ స్పాటెడ్ న్యాప్‌వీడ్ బహువార్షికం, లావాటి తల్లివేరుతో కొన్నేళ్లు బతుకుతుంది. ఒక గజం నేలలో పదుల గింజలు మొలిచినా చోటు దొరికి బతికేవి ఏ రెండో మూడో. మిగతావి ఒకదాన్నొకటి నొక్కుకుని చచ్చిపోతాయి. అలాంటప్పుడు గింజలు సగమైతే ఆ తొక్కిసలాట తగ్గుతుందే తప్ప బతికే మొక్కల లెక్క పెద్దగా మారదు. పైగా నేలలో పాత గింజల నిల్వ ఉంటుంది, 8 ఏళ్ల తర్వాత కూడా మొలిచిన గింజలున్నాయి. గింజ మీద పని చేసే కీటకం ఇలాంటి మొక్కను దించాలంటే దాదాపు మొత్తం గింజలను కాజేయాలి, ఈ ఈగలు అంత చేయలేవు. తర్వాత వచ్చిన లారినస్ ముక్కుపురుగులు, వేరు తొలిచే సైఫోక్లియోనస్ ముక్కుపురుగు కొన్నిచోట్ల గట్టి దెబ్బే కొట్టాయి. లారినస్ మైన్యూటస్ నిలదొక్కుకున్నాక బ్రిటిష్ కొలంబియాలో డిఫ్యూజ్ న్యాప్‌వీడ్ బాగా తగ్గిపోయింది. అది పువ్వుతో పాటు అందులోని ఈగ పురుగుల్ని కూడా తినేస్తుంది, అది వేరే సంగతి.

ఇక్కడే నా అభిప్రాయం చెప్పాలి. మొక్కను పడగొట్టే కీటకం, మొక్క తగ్గగానే తానూ తగ్గిపోతుంది. మొక్కను పడగొట్టలేక, దాని మీదే విపరీతంగా పెరిగిపోయే కీటకంతోనే అసలు ఇబ్బంది. అది వేరే ఏ మొక్కనూ ముట్టకపోవచ్చు, ఆ లెక్కన అది పరీక్ష పాసైనట్టే. కానీ కోట్ల పురుగులు ఏడాదికేడాది కాడల మీద నిలబడి ఉంటే వాటిని తినేవాళ్లు తయారు కాకుండా ఉండరు.

ఈ ముక్క పాత పరిశోధనలోనే ఉంది. ఇంగ్లండ్‌లో జార్జ్ వార్లీ అనే శాస్త్రవేత్త 1930లలో కేంబ్రిడ్జ్ దగ్గర ఇదే ప్రజాతికి చెందిన యూరోఫోరా జేసియానాను అధ్యయనం చేశాడు. అది అక్కడి నల్ల న్యాప్‌వీడ్ పువ్వుల్లో బుడిపెలు కడుతుంది. గుడ్డు నుంచి ఈగ దాకా ఏ దశలో ఎన్ని చచ్చాయి, దేనివల్ల చచ్చాయి అని లెక్కగట్టి 1947లో ప్రచురించాడు. కీటకాల జనాభా గురించి చదివేవాళ్లు ఇప్పటికీ చూసే పని అది. ఆ లెక్కలో రెండు విషయాలున్నాయి. ఒకటి, చలికాలంలో బుడిపెలను కొరికి పురుగుల్ని తినేసే ఎలుకలు. రెండు, యూరిటోమా అనే చిన్న పరాన్న కందిరీగ. ఇది బుడిపెలో ఉన్న ఈగ పురుగు మీద తన పిల్లను పెంచుతుంది. ఎక్కువ పురుగుల్ని చంపేది ఒకటి, జనాభాను అదుపులో ఉంచేది మరొకటి అని వార్లీ వాదించాడు. ఈగలు పెరిగిన కొద్దీ ఎక్కువ శాతాన్ని పట్టేది కందిరీగే కాబట్టి పగ్గం దాని చేతిలో ఉందన్నాడు.

అమెరికాకు ఈగల్ని తెచ్చేటప్పుడు కందిరీగల్ని ఏరి పక్కన పెట్టారు. అది సరైన పనే, లేకపోతే ఈగ నిలదొక్కుకోవడం కష్టమయ్యేది. ఫలితంగా పగ్గం లేని ఈగ వచ్చింది, ఎలుకలు మాత్రం అక్కడ ముందే ఉన్నాయి.

మోంటానాలో డీన్ పియర్సన్, రాగన్ కాలవే, వాళ్ల సహచరులు దీన్ని చాలాకాలం వెంటాడి చూశారు. అక్కడి డీర్ మౌస్ అనే అడవి ఎలుక న్యాప్‌వీడ్ కాడ ఎక్కి, పువ్వు కొరికి, బుడిపెలోని పురుగును తీసుకుని తింటుంది. ఎలుకల కడుపులు పరీక్షిస్తే కొన్నిటిలో ఒక్క రాత్రి మేతలోనే రెండు వందలకు పైగా పురుగులు దొరికాయి. చలికాలపు తిండిలో సింహభాగం ఇదే. మామూలుగా చలికాలం ఎలుకలకు కరువు కాలం, చాలా చచ్చిపోతాయి. ఇప్పుడు మంచు మీద నిలబడిన కాడల నిండా మాంసకృత్తులు. ఈగ బుడిపెలున్న న్యాప్‌వీడ్ స్థలాల్లో ఎలుకలు పెరిగాయి. పెరిగిన ఎలుకలు స్థానిక మొక్కల గింజల్ని కూడా ఎక్కువగా తిని, ఏ మొక్కల్ని కాపాడదామని ఈగను తెచ్చారో వాటి మొలకలనే తగ్గించాయి. 2006లో వాళ్లు ప్రచురించిన ఇంకో సంగతి ఎక్కువ కలవరపెట్టింది. డీర్ మౌస్ హంటావైరస్‌ను మోసే ఎలుక. ఆ వైరస్ సోకిన గుర్తులున్న ఎలుకలు, ఈగ పురుగుల తిండి ఉన్నచోట మూడింతలు ఎక్కువగా ఉన్నాయి. తర్వాత కలుపుమందుతో న్యాప్‌వీడ్‌ను తగ్గించిన చోట ఈగలూ తగ్గాయి, వాటితో ఎలుకలూ దిగివచ్చాయి.

దీన్ని చూసి భయపడిపోవద్దు. హంటావైరస్ జబ్బు మనుషుల్లో చాలా అరుదు. కానీ ఊపిరితిత్తులకు ఎక్కితే సోకినవాళ్లలో మూడో వంతుకు పైగా చనిపోతారు కాబట్టి చులకనగా తీసుకునేది కూడా కాదు. కొత్తగా కొన్న ఇల్లు అన్నారు. వెనక షెడ్డు, గ్యారేజీ, నేల కింది ఖాళీ చోటు చలికాలం అంతా మూసి ఉంటే, శుభ్రం చేసేముందు తలుపులు తెరిచి అరగంట గాలి ఆడనివ్వండి. ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురుతో ఊడ్చొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. ఆ దుమ్ము పీల్చడమే ప్రమాదం. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు అప్పటికప్పుడు కలిపి, బాగా తడిపి, ఐదు నిమిషాలు ఆగి, రబ్బరు గ్లౌజులతో కాగితపు తువ్వాళ్లు పెట్టి తుడిచి పారేయండి. ఇంట్లోకి ఎలుక దూరే సందులు మూసేయండి.

ఇక కలుపు. మోంటానాలో స్పాటెడ్ న్యాప్‌వీడ్ చట్టప్రకారం నాక్షియస్ వీడ్, అంటే హానికర కలుపు, దాన్ని అదుపు చేయాల్సిన బాధ్యత స్థలం యజమానిదే. మీ కౌంటీలో కలుపు నియంత్రణ చూసే వీడ్ డిస్ట్రిక్ట్ వాళ్లకు ఫోన్ చేయండి, స్థలం చూసి సలహా ఇస్తారు. చిన్న స్థలమైతే చేత్తో పీకడమే నా ఓటు. వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు తల్లివేరు తెగకుండా పీకండి. వేరు పైభాగం మిగిలిపోతే మళ్లీ చిగురిస్తుంది. చర్మానికి దురద పెట్టొచ్చు కాబట్టి గ్లౌజులు వేసుకోండి. పువ్వు విచ్చకముందే పీకితే అక్కడే ఆరబెట్టొచ్చు. పువ్వు వచ్చాక పీకితే సంచిలో కట్టి పారేయాలి, కంపోస్ట్‌లో వేయొద్దు. ఎండాకాలం మధ్యలో ఒక్కసారి కోసేసి ఊరుకుంటే లాభం లేదు, మొక్క కిందికి అణిగి పొట్టి కాడల మీదే పూస్తుంది.

పెద్ద స్థలమైతే కలుపుమందు తప్పకపోవచ్చు. అప్పుడు ఆపిల్ చెట్లను మనసులో పెట్టుకోండి. పిక్లోరామ్ అనే కలుపుమందు నేలలో చాలాకాలం నిలిచి, వేర్ల గుండా చెట్లకు ఎక్కుతుంది. చెట్ల వేర్లు పాకిన చోట దాన్ని అస్సలు వాడొద్దు. అమినోపైరాలిడ్ అనే ఇంకో మందు బాగా పని చేస్తుంది కానీ దాన్ని చల్లిన గడ్డి, ఆ గడ్డి తిన్న పశువుల పేడ కూరగాయల మడిలో వేస్తే టమాటా, చిక్కుడు ముడుచుకుపోతాయి. ఏది వాడినా డబ్బా మీది లేబుల్ మాటే చివరి మాట. మందు కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఖాళీ అయిన నేలలో ఆ ప్రాంతపు గడ్డి గింజలు చల్లకపోతే, నేలలోని పాత గింజల నుంచి న్యాప్‌వీడే తిరిగి వస్తుంది. ఈ పనిని చాలామంది మానేస్తారు, అందుకే మూడో ఏడాదికి మళ్లీ మొదటికొస్తారు.

ఈ చలికాలానికి ముందే ఎండిన కాడల్ని కోసి సంచుల్లో కట్టి పారేయగలిగితే మంచిది. గింజలు చాలావరకు అప్పటికే రాలి ఉంటాయి కాబట్టి కలుపు పరంగా లాభం కొంతే. కానీ ఇంటి చుట్టుపక్కల ఎలుకలకు చలికాలపు మేత పోతుంది. "మిత్ర పురుగుల్ని చంపినట్టు కాదా" అని మీకు సందేహం రావచ్చు. మీ చుట్టూ ఉన్న కొండల నిండా ఈ ఈగ ఉంది, మీ పెరట్లోవి పోతే దానికి ఏ లోటూ రాదు.

ఈగను చూడాలని ఉంటే, మార్చిలో మిగిలిన ఎండు పువ్వులు కొన్ని తెచ్చి గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ బిగించి గదిలో పెట్టండి. కొన్ని వారాల్లో ఈగలు బయటికి వస్తాయి. ముందు రెక్కలు చూడండి. నల్లటి పట్టీలు స్పష్టంగా ఉంటే క్వాడ్రిఫేసియేటా, మసగ్గా ఉంటే అఫినిస్. మధ్యలో లోహపు మెరుపుతో ఇంకా చిన్న కందిరీగ ఏదైనా కనిపిస్తే అది స్థానిక పరాన్నజీవి కావచ్చు, దాని ఫోటో కూడా పెట్టండి. చూడటం అయిపోయాక ఆ పువ్వుల్ని బయట దులపకుండా సంచిలో కట్టి చెత్తలో వేయండి, అడుగున ఇంకా గింజలుంటాయి.